తిన్నారా అని అడగొద్దు

నర్సింగు చదువుకుంటున్న పిల్లలూ, మీ సీనియర్లు నా వెనకాల నన్ను థర్మామీటరు అని పిలిచేవారు. నాకు తెలియదనుకునేవారు. మీరిప్పుడు వాడే మీట నొక్కితే కూత పెట్టే రకం కాదు, పాత గాజు రకం. జాగ్రత్తగా పట్టుకోకపోతే పగులుతుంది, పగిలితే లోపలున్నది విషం. ఆ పేరు పెట్టిన పిల్ల ఎవరో కూడా నాకు తెలుసు. తెలివైన పిల్ల. అయినా మార్కుల్లో ఏమీ కోత పెట్టలేదు, కావాలంటే ఆవిణ్ణే అడగండి.

విజయవాడలో ఒక పెద్దాసుపత్రికి చెందిన నర్సింగు స్కూల్లో చాలాకాలం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నేను చెప్పిన వాటిలో పిల్లల్ని ఎక్కువ హడలగొట్టింది మాటల క్లాసు. కొత్తగా చేరిన పిల్లలకు రోగాల పేర్లు, లక్షణాల పేర్లు నేర్పే క్లాసది. అందులో నాదొక పట్టుదల ఉండేది. ఇంగ్లీషు మాట ఒప్పజెబితే చాలదు, అదే సంగతిని మీ ఇంట్లో పెద్దావిడ ఎలా చెబుతుందో అలా చెప్పాలి. డిస్నియా అంటే ఆయాసం. ఎడిమా అంటే నీరు పట్టడం. పాల్పిటేషన్ అంటే గుండె దడ. అనొరెక్సియా అంటే అన్నం సయించకపోవడం. రోగి మీ దగ్గరికొచ్చి అనొరెక్సియాగా ఉందని చెప్పడు కదా, ముద్ద దిగడం లేదమ్మా అంటాడు. అది విని కేస్ షీట్‌లో సరైన మాట రాయగలిగితేనే మీ చదువుకి అర్థం అని చెప్పేదాన్ని. పిల్లలు తలలూపేవారు. తలలూపడంలో మన పిల్లల్ని మించినవాళ్ళు లేరు.

ఒక బ్యాచ్‌లో కంకిపాడు దగ్గర పల్లె నుంచి వచ్చిన పిల్ల ఉండేది. తల్లీ తండ్రీ పొలం పనులకు వెళ్ళేవారు. ఆ పిల్లకి సీటొచ్చినప్పుడు వాళ్ళ చర్చిలో ప్రత్యేకంగా ప్రార్థన పెట్టి, పాస్టరు గారే వచ్చి బస్సెక్కించారట. తండ్రికి మాత్రం మొదట్నుంచీ గుంజాటనే. ఒక్క ఏడాది తప్పినా ఇంటికొచ్చెయ్యాలి, మళ్ళీ పంపను అని ఖచ్చితంగా చెప్పి పంపాడు. అందుకని ఆ పిల్ల చదువుని నెత్తిమీద నీళ్ళకుండలా మోసేది. ఏ మాట అడిగినా కీర్తన పాడినట్టు గడగడా అప్పజెప్పేది.

ఒకరోజు క్లాసులో, "ఆల్టర్డ్ సెన్సోరియం అంటే?" అని అడిగాను.

"తెలివి తప్పడమండీ."

"తెలివి తప్పితే మంచం మీద పడి ఉంటారు, అది చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఇది అంతకంటే ముందు సంగతి. మీ ఊళ్ళో ఏమంటారు?"

"మనిషి మనిషిలా లేదు అంటారండీ."

"ఎలా తెలుస్తుంది?"

ఆ ప్రశ్నకి మాత్రం జవాబు లేదు. పుస్తకంలో లేదు మరి. నేనూ ఏదో చెప్పి తర్వాతి మాటకి వెళ్ళిపోయాను.

తర్వాత కొన్నాళ్ళకి ఆ బ్యాచ్‌కి ఆడవాళ్ళ మెడికల్ వార్డులో డ్యూటీ వేశారు. అప్పుడా వార్డులో కిటికీ పక్క మంచం మీద ఒక మామ్మ ఉండేది. చల్లపల్లి దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఊరు ఆవిడది. మగవాళ్ళు సముద్రం మీద చేపల వేటకి వెళ్ళేవారు, ఈవిడ గంప ఆటోలో వేసుకుని సంతకి పోయి చేపలమ్మేది. చేప ముల్లు కాల్లో దిగింది. షుగరు ముదిరి పాదాలు మొద్దుబారిపోయాయి కాబట్టి దిగినట్టే తెలియలేదు. తెలిసేసరికి వేలు నల్లబడింది. రోజూ కట్టు కట్టి, ఇన్సులిన్‌తో షుగర్ని అదుపులోకి తెచ్చి, ఆ వేలు ఉంచాలా తీసెయ్యాలా అని డాక్టర్లు చూస్తున్నారు.

కాలు అలా ఉన్నా ఆవిడ నోటికి ఏ జబ్బూ లేదు. వార్డంతటికీ ఆవిడే సినిమా. పెద్ద డాక్టరు గారు రౌండుకొస్తే, "రండి బాబూ, బోణీ బేరం" అనేది. కట్టు మార్చేటప్పుడు నొప్పికి పళ్ళు బిగించి, అయ్యాక, "ఇంత సేపు చేప శుభ్రం చేస్తే కొనేవాళ్ళు పారిపోతారమ్మా" అని స్టాఫ్ నర్సుని ఆటపట్టించేది. పక్క మంచాలవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వేవారు. నేను వార్డులోకొస్తే పిల్లలు వణికేవారు గానీ ఈవిడ, "కూర్చోండి పంతులమ్మ గారూ, కాళ్ళు పీకుతుంటాయి" అని మంచం మీద చోటు చూపించేది. రోగి మంచం మీద కూర్చోకూడదని నేను పిల్లలకు చెప్పే మొదటి పాఠం. ఆవిడ దగ్గర ఒకటి రెండుసార్లు కూర్చున్నాననుకోండి, అది వేరే సంగతి.

కంకిపాడు పిల్ల అంటే మామ్మకి ప్రాణం. బుజ్జీ అని పిలిచేది. "బుజ్జీ, నీ మొహం అలా పీక్కుపోయిందేంటే, టిఫిన్ తిన్నావా?" అని రోజూ పొద్దున్నే అడిగేది.

"అయింది మామ్మా" అనేది పిల్ల.

నిజానికి ఏమీ అయ్యేది కాదు. పొద్దుటి డ్యూటీకి పిల్లలు హాస్టల్ నుంచి బయల్దేరే వేళకి మెస్‌లో టీ తప్ప ఏమీ ఉండేది కాదు. పిల్లలు టీ తాగి వచ్చేసి, డ్యూటీ అయ్యాకే కంచం ముందు కూర్చునేవారు. మామ్మ చేపలతో పాటు మనుషుల్ని కూడా చూసి బతికిన మనిషి. ఆ అయింది అన్న మాటలో నిజం లేదని ఆవిడకి మొదటి రోజే తెలిసిపోయింది.

ఇక ఇన్సులిన్ సంగతి చెప్పాలి. ఒంట్లోకి ఇన్సులిన్ వెళ్ళాక కడుపులో తిండి పడకపోతే రక్తంలో చక్కెర జారిపోతుంది. హైపోగ్లైసీమియా అని మీరు రాసేది అదే. మా ఆసుపత్రి వంటశాల బండి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలుసు కాబట్టి, టిఫిన్ వచ్చి రోగి తిన్నాకే సూది వెయ్యాలని మా వార్డులో నియమం. స్టాఫ్ నర్సు పక్కనుండి పిల్లల చేత ఇంజక్షన్ చేయించేది. దానికి ముందు, తిన్నారా అని అడిగి రావడం పిల్లల పని.

ఆ రోజు టిఫిన్ బండి వచ్చి వెళ్ళింది. కంకిపాడు పిల్ల మామ్మ దగ్గరికెళ్ళి, "మామ్మా, టిఫిన్ తిన్నారా?" అని అడిగింది.

"అయిందే బుజ్జీ" అంది మామ్మ.

సూది వేశారు. మామ్మ కోడలు మందులు తేవడానికి కిందకి వెళ్ళింది. ఆ పిల్లని వార్డు అవతలి చివర బీపీలు చూడమన్నారు. డాక్టర్ల రౌండు పక్క వార్డులో మొదలైంది.

గంట దాటాక నేను వార్డు మెట్లెక్కి వస్తుంటే లోపల్నుంచి నవ్వులు వినిపించాయి. గుమ్మంలోకొచ్చి చూస్తే మామ్మ మంచం మీద లేచి కూర్చుని, దిండు ఒళ్ళో పెట్టుకుని కేకలేస్తోంది. "రండమ్మా రండి, పండుగప్పలు! మొప్పలెత్తి చూసుకోండి, ఎర్రగా లేకపోతే ఊరికే పట్టుకెళ్ళండి!" పక్క మంచంలో మైలవరం నుంచి వచ్చినావిడ, "కిలో ఎంత మామ్మా?" అని అడుగుతోంది. మామ్మ దిండుని అటూ ఇటూ తిప్పి బేరం చెబుతోంది. వార్డు వార్డంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాననే చెప్పాలి. కంకిపాడు పిల్ల బీపీ మిషను చంకలో పెట్టుకుని నవ్వుకుంటూ దగ్గరికొచ్చింది.

మామ్మ ఆ పిల్ల వైపు తిరిగి, "ఏమే వదినా, వల ఎండేశావా?" అంది.

పిల్ల మొహంలో నవ్వు ఆగిపోయింది. అక్కడే నిలబడిపోయింది. నా వైపు చూసి, "మేడమ్, మామ్మ నన్ను వదినా అందండీ" అంది. అందరూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఆ పిల్ల బీపీ మిషను పడేసినట్టు మంచం మీద పెట్టి, మామ్మ చెయ్యి పట్టుకుంది. మెడ మీద చెయ్యి వేసింది. మామ్మ రవిక వీపంతా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"చెమటలండీ! చల్లగా ఉందండీ మేడమ్! మామ్మ మామ్మలా లేదండీ!"

క్లాసులో జవాబు దొరకని ప్రశ్నకి జవాబు అలా వచ్చింది. మామ్మ హాస్యమాడుతోందని మేమంతా అనుకున్నాం. ఏ రోజూ నవ్వించని మనిషైతే ఎప్పుడో పరుగెత్తేవాళ్ళం.

ఆ పిల్ల మామ్మ వేలు గుచ్చి షుగర్ చూసేలోపు స్టాఫ్ నర్సు చక్కెరో బిస్కెట్టో ఉంటుందేమోనని మంచం పక్క లాకరు తెరిచింది. అందులో స్టీలు డబ్బా ఉంది. మూత తీస్తే ఇడ్లీలు, పక్కన చేపల పులుసు. ఒక్క ఇడ్లీ కూడా విరగలేదు.

"ఈవిడ తిననే లేదు మేడమ్" అంది స్టాఫ్ నర్సు.

గ్లూకోమీటరు మీద అంకె చూసి డాక్టర్ని పిలవమని అరిచాను. అప్పటికే మామ్మ చేతిలో దిండు జారి కిందపడింది. కళ్ళు తేలేసింది. పిలిస్తే పలకడం లేదు, ఇక నోట్లో ఏమీ పొయ్యడానికి లేదు. డ్యూటీ డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. నరం దొరకలేదు. ఒక చెయ్యి వదిలి ఇంకో చెయ్యి చూశారు. కిలో ఎంత అని అడిగిన మైలవరం ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. చివరికి నరం దొరికి, గ్లూకోజు ఎక్కించడం మొదలుపెట్టారు. కంకిపాడు పిల్ల మామ్మ తల పక్కకి తిప్పి పట్టుకుని, పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది. ఆ నిమిషంలో నేను కూడా ఏ దేవుణ్ణి పిలిచానో నాకే తెలియదు.

మామ్మ కళ్ళు మెల్లగా కుదురుకున్నాయి. పైకప్పు చూసింది, డాక్టర్ని చూసింది, చివరికి పిల్లని చూసింది.

"బుజ్జీ, ఏడుస్తావెందుకే? డబ్బా నీకే దాచాను, తిన్నావా?" అంది.

అంతవరకూ చప్పుడు లేకుండా ఏడుస్తున్న పిల్ల అప్పుడు బావురుమంది. ఆ రోజు వంటశాల ఇడ్లీలతో పాటు కోడలు ఇంటి నుంచి తెచ్చిన పులుసు ఉందట. బుజ్జి వస్తే తినిపిద్దామని ఇడ్లీలన్నీ డబ్బాలో సర్ది లాకర్లో పెట్టి, తను తర్వాత ఏదో తినొచ్చులే అని కూర్చుంది మామ్మ. సూది వేయించుకుంది గానీ, బుజ్జిని పక్కకి పిలిచి డబ్బా ఇచ్చేలోపే ఆ పిల్ల వార్డు అవతలి చివరికి వెళ్ళిపోయింది.

మామ్మ బతికింది. కానీ ఆసుపత్రిలో ఇలాంటివి అక్కడితో అయిపోవు. మర్నాడు నర్సింగ్ సూపరింటెండెంటు గారు విచారణ పెట్టారు. ఆవిడ చాలా పద్ధతి గల మనిషి. నవ్వడానికి కూడా సర్క్యులర్ కావాలని మేం అనుకునేవాళ్ళం. అయితే పని దగ్గర అన్యాయం చేసే మనిషి కాదు. పొద్దున్నే వార్డుకి వెళ్ళి మామ్మనే అడిగారు.

"తినకుండా తిన్నానని ఎందుకు చెప్పారమ్మా?"

మామ్మ ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. "అదేంటమ్మా, ఎవరైనా తిన్నావా అంటే లేదని చెబుతామా? పాపం ఆ పిల్ల నాకోసం టిఫిన్ వెతుక్కుంటూ తిరగాలా? ఆ మాత్రం మర్యాద తెలీదా నాకు?"

సూపరింటెండెంటు గారు తన గదికి వచ్చేశారు. మధ్యాహ్నం ఆ గదిలో ఆవిడ, వార్డు సిస్టరు, నేను, ఎదురుగా తల వంచుకుని కంకిపాడు పిల్ల. నేను క్లాసు ముగించి నేరుగా వచ్చాను. మాట్లాడుకుంటుండగా భోజనాల వేళ దాటిపోయింది.

"ఆవిడ తినడం నువ్వు చూశావా?" అని సూపరింటెండెంటు గారు అడిగారు.

"అడిగానండీ. అయిందన్నారండీ."

"అడగడం వేరు, చూడడం వేరు. ఆవిడ ప్రాణం పోయుంటే అయిందన్నారు అని రాసుకుంటామా? ఈ పిల్లని డ్యూటీ నుంచి తీసెయ్యాలి మేడమ్."

తీసేస్తే హాజరు చాలదు, హాజరు చాలకపోతే పరీక్ష లేదు, ఏడాది పోతుంది. ఆ తర్వాత తండ్రి కంకిపాడు బస్సెక్కించుకుని తీసుకుపోతాడు. ఆ పిల్ల యాప్రాన్ అంచు మడతలు పెడుతూ నిలబడింది. పనికిమాలినవాళ్ళ మీద అరిచి అరిచి గొంతు పాడుచేసుకున్నదాన్ని, పనికొచ్చే పిల్ల పోతుంటే ఊరుకోలేకపోయాను. వదినా అన్న మాట విని నవ్వు ఆపింది ఈ పిల్ల ఒక్కతే కదండీ, అన్నాను.

"అది నిజమే. కానీ తిన్నారని చెప్పి సూది వేయించింది కూడా ఈ పిల్లే కదా" అన్నారు ఆవిడ. అదీ నిజమే.

అంతలో అటెండరు టీలు తెచ్చాడు. సూపరింటెండెంటు గారు గడియారం చూసి నొచ్చుకున్నారు. "అయ్యో, పొద్దు చాలా పోయిందండీ. మేడమ్ గారూ, మీ భోజనం అయిందా?"

"ఆఁ, అయిందండీ. మీరు కానివ్వండి" అన్నాను.

ఎదురుగా తల వంచుకున్న పిల్ల తలెత్తి నా ఒళ్ళోకి చూసింది. సూపరింటెండెంటు గారూ అక్కడికే చూశారు. నా ఒళ్ళో నా లంచ్ క్యారియర్ ఉంది. క్లిప్పులు కూడా తియ్యలేదు. పొద్దున ఇంట్లో సర్దుకున్నది సర్దుకున్నట్టే ఉంది.

నాకు చెవులు వేడెక్కాయి. వార్డు సిస్టరు ముందు నవ్వింది, తర్వాత నేను నవ్వాను. సర్క్యులర్ లేకుండా సూపరింటెండెంటు గారు కూడా నవ్వారు. నవ్వి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, ఆ పిల్ల వైపు తిరిగారు. ఈసారి గొంతు వేరుగా ఉంది.

"నువ్వు పొద్దున్న ఏం తిన్నావమ్మా?"

"టీ తాగానండీ" అంది.

"నిన్న?"

"నిన్న కూడా అంతేనండీ."

ఆ రోజు తీర్పు అక్కడే మారింది. పిల్లని డ్యూటీలో ఉంచారు. అలాగని ఊరికే వదల్లేదు. ఆ పోస్టింగు అయ్యేదాకా షుగరు రోగులందరి దగ్గరా ప్లేటు ఎదురుగా నిలబడి, తినడం పూర్తయ్యాకే స్టాఫ్ నర్సుని పిలవమన్నారు. హాస్టల్ మెస్‌లో కూడా పొద్దుటి డ్యూటీ పిల్లలు బయల్దేరక ముందే టిఫిన్ పెట్టమన్నారు. మెస్ కాంట్రాక్టరు చాలా గొణిగాడు. ఆవిడ ముందు గొణుగుడు పనిచెయ్యలేదు. ఇక మా వార్డులో తిన్నారా అనే మాట తీసేశాం. ఏం తిన్నారు, ఎంత మిగిల్చారు అని అడిగి, మూత తీసి చూసేవాళ్ళం. ఏం తిన్నారంటే మర్యాదకి కూడా అబద్ధం చెప్పడం కష్టం. ఇడ్లీ అని చెబితే ఇడ్లీ చూపించాలి కదా.

మామ్మ కాలి వేలు చివరికి తీసెయ్యాల్సి వచ్చింది. పాదం దక్కింది. ఇంటికెళ్ళే రోజు పిల్లని పిలిచి, "ఒక్క వేలు పోతే బేరం పోదులే బుజ్జీ" అని బుగ్గలు పుణికింది. ఆ పిల్ల మొదట ఆవిడ టిఫిన్ ప్లేటు ఖాళీ అయిందా అని చూసి, ఆ తర్వాతే ఆవిడ పెట్టిన ముద్ద నోట్లో వేసుకుంది. రోగి పెట్టింది తినకూడదని నేను చెప్పే రెండో పాఠం. ఆ రోజు నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను.

నా సంగతికొస్తే, నాకూ షుగరొచ్చింది. చెప్పిన పాఠాలన్నీ పాటిస్తే రాకపోయుండేదేమో, అయినా పంతుళ్ళు పాటించరు కదా. ఈ మధ్య జ్వరం తగ్గక ఆసుపత్రిలో చేరాను. పొద్దున్నే కొత్త నర్సు పిల్ల ఒకతి నా దగ్గరికొచ్చి, "ఏం తిన్నారమ్మా? ఎంత మిగిల్చారు?" అంది.

అప్పటికి నేనేమీ తినలేదు. నోరు చేదుగా ఉంది. అయినా అయిందమ్మా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. ఆ పిల్ల నా జవాబు కోసం ఆగలేదు. చెయ్యి చాపి ప్లేటు మీద మూత తీసింది. కింద ఇడ్లీలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"సూది తర్వాత వేస్తానమ్మా. ప్లేటు చూడకుండా సూది ముట్టుకుంటే మా సిస్టరు గారు ఊరుకోరండీ" అంది.

ఆ సిస్టరు గారు ఎవరో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. ఆవిడ వచ్చి నన్ను చూసి, "మేడమ్!" అని రెండు చేతులూ పట్టుకుంది. మొహం అలాగే పీక్కుపోయి ఉంది. సిస్టరయ్యాక పని పెరుగుతుంది గానీ తగ్గదు కదా.

"టిఫిన్ తిన్నావుటే?" అన్నాను అలవాటు కొద్దీ.

"అయింది మేడమ్" అంది అలవాటు కొద్దీ.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆవిడ స్టూలు లాక్కుని నా మంచం పక్కన కూర్చుంది. నేను ప్లేటు ఇద్దరికీ మధ్యలోకి జరిపాను.

"ముందు మీరు తినండి మేడమ్, నేను చూడాలి" అంది.

నేను ఇడ్లీ విరిచి, ఆవిడ చూస్తుండగా మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను.